సీమ నుంచి తిరిగొచ్చిన బాబు – హైదరాబాదులో మూకీ హాస్య చిత్రాలు తీసిన ధీరేన్ గంగూలీ



నాచారం అనగానే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకు ఎన్.టి.రామారావు కట్టించిన రామకృష్ణా స్టూడియో గుర్తుకొస్తుంది. మా నాయన లాంటివాళ్ళకు ఇండస్ట్రియల్ ఏరియా, షిఫ్టు టైము గుర్తుకొస్తాయి. ఈ హాస్టల్లో ఉన్నన్ని రోజులూ మాకు కూడా సినిమా అంటే ఆ స్టూడియో గోడే. గోడ అవతల ఏమున్నదో చూడలేదు గానీ, హైదరాబాదులో సినిమా తీయడం అక్కడి నుంచే మొదలైందని చాలా రోజులు అనుకున్నాం. కొంచెం పెద్దయ్యాక అమీర్‌పేట సారథి స్టూడియో ఇంకా పాతదని తెలిసింది. అంతకు ముందు సినిమా అంతా మద్రాసులోనే, ఇక్కడ ఏమీ లేదు అని అందరూ చెప్పేవాళ్ళు. మేమూ అదే నమ్మాం.

అది నిజం కాదు. 1922లోనే మన హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ అని ఒక సంస్థ ఉండేది. దానికి సొంత స్టూడియో, ఫిల్ము కడిగే లేబొరేటరీ, రెండు సినిమా హాళ్ళు ఉండేవి. మాట రాని సినిమాలు, అంటే మూకీలు తీసేది. పెట్టినవాడు బెంగాలీ. పేరు ధీరేంద్రనాథ్ గంగూలీ. అందరూ ధీరేన్ గంగూలీ అనేవాళ్ళు, ఇంకా పొట్టిగా డి.జి. అనేవాళ్ళు. మనుషులను నవ్వించడం ఆయన పని. ఎం.ఏ. చరిత్రలో నిజాం కాలం గురించి చదువుతుంటే ఈ పేరు మా కంటబడింది. ఆయన తీసిన మొదటి సినిమా కథ చదివాక మాత్రం పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాం. ఎందుకో చెప్పాలంటే ముందు మన హాస్టల్ సంగతి ఒకటి చెప్పాలి.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, 2017 ఫిబ్రవరిలో, వార్షికోత్సవానికి ఒక హాస్య నాటిక వేశాం. ఊరి నుంచి ఒక తండ్రి కొడుకును చూడడానికి హాస్టల్‌కు వస్తాడు. ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగి రోడ్డు దాటలేక తిప్పలు పడతాడు. అప్పటికి మెట్రో స్తంభాలు లేచాయి గానీ రైలు ఇంకా నడవడం లేదు. తండ్రి తల పైకెత్తి చూసి, "గింత పెద్ద వంతెన కట్టిన్రు, కింద వాగేది బిడ్డా?" అంటాడు. ఆ మాటకు టెంటు ఎగిరిపోయేంత నవ్వారు. మాకు ఫస్ట్ ప్రైజు, స్టీలు గ్లాసు.

ఆ మాట మేము కల్పించింది కాదు. మా నాయన నిజంగా అన్నదే. నాటికలో తండ్రి వేషం వేసినవాడి భుజం మీది తువ్వాల, చేతిలోని టిఫిన్ డబ్బా కూడా మా నాయనవే. అంతకు ముందు ఆదివారం ఇంటికి పోయి తెచ్చుకున్నాం, ఎందుకో చెప్పలేదు. ఆ రోజు నాయన వెనక వరుసలో, కింద పరచిన తాటిపత్రి మీద కూర్చున్నాడు. అందరితో పాటు నవ్వాడు. కార్యక్రమం అయినాక డబ్బా తిరిగి చేతికిస్తే, "మంచిగ చేసిన్రు బిడ్డా. తువ్వాల నాదే గదా?" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు గంగూలీ సినిమా సంగతి. పేరు 'బిలేత్ ఫెరత్'. అంటే సీమ నుంచి తిరిగొచ్చినవాడు అని. మనం విలాయత్ అంటామే, అదే మాట బెంగాలీ నోట్లో బిలేత్ అయింది. 1921 ఫిబ్రవరిలో కలకత్తా భవానీపూర్‌లోని రస్సా థియేటరులో విడుదలైంది. కథ ఇది. చాలా కాలం పరాయి దేశంలో ఉండి చదువుకున్న ఒక బాబు ఇంటికి తిరిగి వస్తాడు. తన దేశంలో ప్రతిదీ వింతగా, తక్కువగా కనబడుతుంది. నడక, కూర్చోవడం, తినడం, అన్నీ దొరల పద్ధతి. పెళ్ళి కూడా పెద్దలు కుదిర్చింది వద్దు, ముందు ప్రేమించాలంటాడు. ఇంట్లోవాళ్ళు తల పట్టుకుంటారు. ఆ బాబును చూసి జనం నవ్వారు. అయితే ఆయన ఒక్క బాబునే ఎగతాళి చేసి వదలలేదు. ఏ కొత్త మాట విన్నా కొంప మునిగిందని గుండెలు బాదుకునే పాతకాలపు పెద్దలను కూడా అదే సినిమాలో అంతే గట్టిగా వేళాకోళం చేశాడు.

దర్శకుడిగా తెర మీద పేరు ఆయన జతగాడు నీతీశ్ లాహిరిది. కథ గంగూలీది, బాబు వేషమూ గంగూలీదే. మేము ఆగిపోయింది ఇక్కడే. ఊరి నుంచి బయటపడి చదువుకుని తిరిగొచ్చినవాడు తనను తానే నవ్వులపాలు చేసుకున్నాడు. మేము మా నాయనను చేశాం. నాటిక రాసేటప్పుడు చదువుకుంటున్న కొడుకును కూడా ఒక మాట అనాలని మాకు తట్టనే లేదు.

గంగూలీ పుట్టింది 1893 మార్చి 26న, కలకత్తాలో. శాంతినికేతన్‌లో చదివాడు, బొమ్మలు వేయడం నేర్చాడు. తరువాత మన హైదరాబాదు సంస్థానంలోని ఆర్ట్ స్కూలుకు ప్రధానోపాధ్యాయుడిగా వచ్చాడు. అంటే సినిమావాడు కాక ముందు ఆయన ఈ ఊళ్ళో మాస్టారు. వేషాలంటే ప్రాణం. రకరకాల వేషాలు వేసుకుని తన ఫోటోలు తానే తీయించుకుని 'భావేర్ అభివ్యక్తి' అని ఒక పుస్తకం అచ్చు వేశాడు. భావాలను ముఖంలో ఎట్లా చూపించాలి అన్నది విషయం. ముసలివాడూ ఆయనే, పడుచు పిల్లా ఆయనే, షావుకారూ ఆయనే. ఒకే ఫోటోలో ముగ్గురు నలుగురు మనుషులుంటే అందరూ ఆయనే. కలకత్తా పోలీసులు మారువేషాలు ఎట్లా వేయాలో ఆయన దగ్గర నేర్చుకున్నారని కూడా చెబుతారు. ఆ పుస్తకాన్ని కలకత్తాలో సినిమా వ్యాపారానికి రాజు లాంటి జంషెడ్జీ మదన్‌కు పంపాడు. మదన్ పిలిపించాడు. కొంత కాలానికి, 1918 ప్రాంతంలో, గంగూలీ, లాహిరి కలిసి ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీ అని సొంతంగా పెట్టుకున్నారు. పేరులో బ్రిటిష్ ఉన్నది గానీ నడిపింది బెంగాలీలే.

ఆ రోజుల్లో మన దేశంలో సినిమా అంటే ఎక్కువగా పురాణమే. ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర'తో దారి వేశాడు, అందరూ ఆ దారినే నడిచారు. 1921లోనే మద్రాసులో రఘుపతి ప్రకాశ్ 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. ఈయన మచిలీపట్నం రఘుపతి వెంకయ్య గారి కొడుకు. తమాషా ఏమిటంటే ప్రకాశ్ నిజంగానే సీమకు వెళ్ళి సినిమా పని నేర్చుకుని వచ్చినవాడు. సీమకు పోయి వచ్చినాయన భీష్ముడి మీద తీస్తే, కలకత్తాలో ఉన్నాయన సీమకు పోయి వచ్చినవాళ్ళ మీద తీశాడు. ఆనాటి మనుషులను, ఆనాటి బట్టల్లో, ఆనాటి ఇంట్లో చూపించి నవ్వించడం అప్పటికి పెద్ద సాహసం. మొట్టమొదటి హాస్య చిత్రం ఇదే అని మేము పట్టుబట్టం, ఫాల్కే కూడా చిన్న చిన్న నవ్వుల సినిమాలు తీశాడు. కానీ ఒక సమాజం తన ముఖం తాను చూసుకుని నవ్వేటట్టు పూర్తి కథ తీసినవాళ్ళలో గంగూలీ ముందు వరుసలో ఉంటాడు.

ఇక్కడ మనం మరిచిపోకూడని సంగతి ఒకటుంది. ఆ సినిమా కలకత్తాలో ఆడుతున్న 1921లో బాబాసాహెబ్ అంబేద్కర్ గారు లండన్‌లోనే చదువుకుంటున్నారు. అంతకు ముందే అమెరికాలో చదివి 1917లో తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. ఆయన కూడా బిలేత్ ఫెరతే కదా. బరోడాలో ఆయనకు ఉండడానికి ఒక్క గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పి తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఇదంతా ఆయనే రాసి పెట్టారు. కాబట్టి గంగూలీ సినిమాలో బాబు కష్టం ఎవరి కష్టమో కూడా చూసుకోవాలి. తిరిగొచ్చినవాడికి ఊరు నచ్చకపోవడం ఒక రకం. తిరిగొచ్చినవాడిని ఊరు రానివ్వకపోవడం ఇంకో రకం. మొదటిదాని మీద ఎంతైనా నవ్వొచ్చు. రెండోదాని మీద ఎవరూ నవ్వు సినిమా తీయలేదు. గంగూలీని తప్పు పట్టడానికి కాదు ఇది చెప్పడం. ఆయన తనకు తెలిసిన ఇంటి మీద తీశాడు. తెలిసిన ఇంటి మీద నిజాయితీగా తీశాడు.

మాట లేకుండా నవ్వించడం ఎట్లా అని తమ్ముళ్ళు అడుగుతారు. అది తెలిస్తే గాని ఆయన పనితనం అర్థం కాదు.

అప్పటి కెమెరాకు మోటారు ఉండేది కాదు. కాఫీ గింజల మర తిప్పినట్టు పిడి పట్టి చేత్తో తిప్పాలి. సెకనుకు సుమారు 16 బొమ్మలు పడేటట్టు తిప్పేవాళ్ళు. అందుకే మంచి కెమెరామన్‌కు చేతిలోనే గడియారం ఉండాలనేవాళ్ళు. కావాలని నెమ్మదిగా తిప్పితే తక్కువ బొమ్మలు పడతాయి. హాల్లో మామూలు వేగంతో చూపిస్తే మనిషి గబగబా పరుగెత్తినట్టు కనబడతాడు. నవ్వుల సినిమాల్లో పరుగులన్నీ ఈ కిటుకే. వెయ్యి అడుగుల రీలులో 16,000 బొమ్మలుంటాయి. అంటే ఒక రీలు పదహారు, పదిహేడు నిమిషాలు నడుస్తుంది. హాల్లో ఒకే ప్రొజెక్టరు ఉంటే రీలు మార్చేదాకా జనం కూర్చోవాలి. కాబట్టి రీలు అయిపోయేచోట నవ్వు పండాలి, లేకపోతే జనం సోడాలకు లేచిపోతారు.

ఇంకో ఇబ్బంది రంగు. అప్పటి ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్రటి పెదవి నల్లగా పడుతుంది, మనలాంటి గోధుమ, నలుపు రంగు ముఖాలు ఇంకా నల్లగా పడి కళ్ళూ కనుబొమ్మలూ కలిసిపోతాయి. నీలం మాత్రం తెల్లగా పడుతుంది. అందుకని ముఖానికి తెల్ల రంగు దట్టంగా పూసేవాళ్ళు. తెల్లగా కనబడడానికే కాదు, కనుబొమ్మ కదిలితే వెనక బెంచీవాడికి తెలియడానికి. ముఖంలో భావం ఎట్లా చూపాలో పుస్తకమే వేసిన మనిషికి ఈ విద్య ఎంత ఉపయోగపడిందో ఊహించండి. మేము నాటికకు పాండ్స్ పౌడరు, పెనం అడుగు మసి వాడేవాళ్ళం, ఆ తిప్పలు మాకు తెలుసు.

మరి కథ ఎట్లా తెలుస్తుంది? మధ్య మధ్యలో అక్షరాల కార్డులు వచ్చేవి. "మూడేళ్ళ తరువాత" అనో, ఒక పాత్ర అన్న మాటో తెర మీద పడేది. ఇంగ్లీషుతో పాటు ఏ ప్రాంతంలో ఆడితే ఆ భాషలు. కానీ హాలు నిండా కూర్చున్నవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఎందరు? అందుకని కార్డు పడగానే చదువు వచ్చినవాడు గట్టిగా చదివేవాడు, పక్కవాళ్ళంతా వినేవాళ్ళు. హాలంతా గుయ్యిమని మోగేది. మూకీ సినిమా అంటారు గానీ హాలు ఎప్పుడూ మూగగా లేదు. పక్కన హార్మోనియం, తబలా ఒకటి.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మా ఇల్లే గుర్తుకొచ్చింది. మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటివాళ్ళం మేమే. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ, బస్సు బోర్డు, అన్నిటికీ కార్డు చదివేవాళ్ళం మేమే. మూకీ హాల్లో చదివి చెప్పినవాడికి కొంచెం గర్వం ఉండి ఉంటుంది. మాకూ ఉండేది. గట్టిగా చదివేవాడికి కార్డు మాత్రమే కనబడుతుంది. బొమ్మను పూర్తిగా చూసేది పక్కన కూర్చుని వినేవాడే. ఇది మాకు ఈ మధ్యనే తెలిసింది.

ఎట్లా తెలిసిందంటే, మా నాయన భువనగిరి వైపు కూలి పనులు మానుకుని 2018 నుంచి నాచారంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ లైను మీద పని చేస్తున్నాడు. పోయిన ఏడాది ఒక రాత్రి ఫోనులో చార్లీ చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' పెట్టి చూపించాం. 1936 నాటిది, అప్పటికి మాటల సినిమాలు వచ్చేసినా చాప్లిన్ మాత్రం మూకీ పద్ధతి వదలలేదు. ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే సీను మీకు తెలిసే ఉంటుంది. మేము పక్కన కూర్చుని ఇంగ్లీషు కార్డులకు అర్థం చెప్పబోతే "ఆగు బిడ్డా, నాకు సమజయితుంది" అన్నాడు. పడీ పడీ నవ్వాడు. తరువాత పని ఆగినా చాప్లిన్ చేతులు బోల్టులు తిప్పుతున్నట్టే ఆడుతూ ఉంటాయి, అక్కడ నాయన నవ్వడం ఆపేశాడు. "గంతే. ఇంటికొచ్చినా చేతులు ఆగయి" అన్నాడు.

గంగూలీ హైదరాబాదుకు మళ్ళీ వచ్చింది 1922లో. కలకత్తాలో జతగాళ్ళ కంపెనీ నిలవలేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆదరణతో ఇక్కడ లోటస్ కంపెనీ పెట్టాడు. ఉస్మానియా యూనివర్సిటీ మొదలై నాలుగేళ్ళు అప్పటికి. భాగ్యరెడ్డి వర్మ గారు ఇదే నగరంలో మన పిల్లల కోసం బడులు పెట్టించి, సభలు నడుపుతున్న రోజులు. ఆ నగరంలో గంగూలీ రెండేళ్ళలోపే వరుసగా సినిమాలు తీశాడు. 'ఇంద్రజిత్', 'యయాతి', 'హర గౌరి' పురాణాలు. 'ది లేడీ టీచర్', 'ది మ్యారేజ్ టానిక్', 'ది స్టెప్ మదర్', పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఇంటి కథలు. 'చింతామణి' కూడా తీశాడు. ఆ పేరు మనవాళ్ళకు నాటకంగా బాగా తెలుసు. కాళ్ళకూరి నారాయణరావు గారి ఆ నాటకంలో సుబ్బిశెట్టి పాత్రను చూసి నూరేళ్ళు జనం నవ్వారు. అదే పాత్ర తమను కించపరుస్తుందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబితే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలు నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అని ఇక్కడ వాదించం. నవ్విన నూరేళ్ళూ ఎవరో ఒకరు వెనక వరుసలో కూర్చుని ఆ తువ్వాల నాదే అనుకున్నారన్నది మాత్రం నిజం.

లోటస్ కంపెనీ కథ 1924లో ఒక్కసారిగా ముగిసింది. అదీ తన సినిమా వల్ల కాదు. బొంబాయిలో ఎవరో తీసిన 'రజియా బేగం' అనే సినిమాను గంగూలీ తెచ్చి ఇక్కడ ప్రదర్శించాడు. ఢిల్లీని 1236 నుంచి 1240 దాకా ఏలిన రజియా సుల్తానా పేరు మీద అల్లిన కథ. ముస్లిం స్త్రీకి, హిందువుకు మధ్య ప్రేమ చూపించారు అందులో. నిజాం ఆగ్రహించాడు. సంస్థానం విడిచి పొమ్మని ఆజ్ఞ. అంతటితో స్టూడియో, లేబొరేటరీ, రెండు హాళ్ళు, అన్నీ పోయాయి.

ఇది ఎట్లా సాధ్యమయిందంటే, బ్రిటిష్ ఇండియాలో సినిమాకు 1918లో చట్టం వచ్చింది, 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సారు బోర్డులు పెట్టారు. ఆ బోర్డులు సినిమాను కత్తిరించగలవు, ఆపగలవు. చూపించినవాడిని ఊరి నుంచి పంపలేవు. సంస్థానాల్లో రాజు మాటే చట్టం. స్టూడియోకు సాయం చేసిన చెయ్యే దారి చూపించింది. అప్పీలు లేదు. మేము ఇందులో నిజాంను ఒక్కడినే చూడడం లేదు. ఒక్క మనిషి దయ మీద నిలబడ్డ పని ఎంత పెద్దదైనా ఇట్లాగే పోతుంది. మెస్ బిల్లు ఆలస్యమైతే మనకు తెలియదా! అయినా మనకు అడగడానికి ఒక కాగితం, ఒక జీవో ఉంటుంది. ఆయనకు అదీ లేదు.

గంగూలీ అక్కడే ఆగిపోలేదు. కలకత్తా వెళ్ళి 1929లో బ్రిటిష్ డొమీనియన్ ఫిల్మ్స్ అని మళ్ళీ కంపెనీ పెట్టాడు. ఆయనకు మనుషులను పట్టుకోవడం తెలుసు. కాంగ్రెస్ ఉద్యమంలో తిరిగి, పత్రిక నడుపుతున్న దేవకీ బోస్‌ను పిలిచి సినిమా కథ రాయించాడు. అస్సాం గౌరీపూర్ జమీందారు బిడ్డ ప్రమథేశ్ బారువా కూడా సినిమాలోకి అడుగు పెట్టింది ఈ కంపెనీతోనే. ఆ బారువాయే 1935లో 'దేవదాసు' తీశాడు. మన అక్కినేని 'దేవదాసు' 1953లో వచ్చేదాకా ఆ దుఃఖానికి ముఖం బారువాదే. నవ్వించడం పనిగా పెట్టుకున్న మనిషి దేశాన్నంతా ఏడిపించినవాడికి తలుపు తీశాడన్న మాట.

1931 మార్చి 14న 'ఆలం ఆరా' వచ్చింది, తెర మాట్లాడింది. మూకీ కంపెనీలు ఒక్కొక్కటే కూలిపోయాయి, గంగూలీది కూడా. ఆయన న్యూ థియేటర్స్‌లో చేరి మాటల సినిమాలు తీశాడు. 1934లో వచ్చిన 'ఎక్స్‌క్యూజ్ మీ సర్' బాగా పేరు తెచ్చింది. 1940ల దాకా తీస్తూనే ఉన్నాడు. ఈ భాగం మాకు అంతగా పట్టలేదు, నిజం చెప్పాలంటే. 1974లో పద్మభూషణ్, 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. దానికి ముందు సంవత్సరం ఫాల్కే అవార్డు మన బి.ఎన్.రెడ్డి గారిది. 1978 నవంబరు 18న గంగూలీ చనిపోయాడు.

ఆయన హైదరాబాదులో తీసిన సినిమాల్లో ఒక్కటి కూడా ఈరోజు చూడడానికి లేదు. పేర్లే మిగిలాయి. ఆయన సినిమాలకే ఈ గతి పట్టలేదు. మన దేశంలో సుమారు 1300 మూకీ సినిమాలు తీశారు. మిగిలినవి 30 లోపే, వాటిలోనూ చాలా ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసింది, నిప్పు దగ్గరికొస్తే భగ్గుమంటుంది, ఎండకు జిగురైపోతుంది. పైగా అందులో వెండి ఉంటుంది. ఆట అయిపోయిన రీళ్ళను వెండి కోసం కరిగించి అమ్ముకున్నారు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో, అప్పటికే ఆలస్యమైంది. మళ్ళీ 2003 జనవరిలో పుణెలో మంటలు లేచి పాత నైట్రేటు రీళ్ళు చాలా కాలిపోయాయి.

బెంగాలీ మూకీల్లో పూర్తిగా మిగిలిందని చెప్పుకునేది ఒకటే, కాళీపద దాస్ 1931లో తీసిన 'జమాయి బాబు'. అదీ నవ్వుల సినిమాయే. పల్లెటూరి అల్లుడు ఒకడు కలకత్తా వచ్చి వీధుల్లో దారి తప్పి తిప్పలు పడతాడు. అల్లుడి వేషం దర్శకుడిదే. చాప్లిన్ నడకను కొంచెం అరువు తెచ్చుకున్నాడనిపిస్తుంది. మేము దాన్ని రెండుసార్లు చూశాం. పల్లెటూరివాడు పట్నంలో తిప్పలు పడే కథ మిగిలింది. పట్నం నుంచి తిరిగొచ్చినవాడు ఇంట్లో తిప్పలు పడే కథ పోయింది. కాకతాళీయమే, వేరే అర్థం లేదు. అయినా మనసుకు పట్టుకుంది.

ఇంకొక్క మాట. కరీంనగర్‌లో పుట్టి హైదరాబాదులో చదువుకున్న పైడి జైరాజ్ సినిమా మీద ఆశతో 1929 ప్రాంతంలో బొంబాయి వెళ్ళాడు. అక్కడ మూకీల్లో వేషాలు వేసి పెద్ద హీరో అయ్యాడు, 1980 సంవత్సరానికి ఆయనకూ ఫాల్కే అవార్డు వచ్చింది. లోటస్ కంపెనీ ఇంకో ఐదేళ్ళు నిలబడి ఉంటే ఆ పిల్లవాడికి బొంబాయి రైలు ఎక్కే అవసరం ఉండేదా అని మేము మెట్రోలో ఉప్పల్ నుంచి తార్నాక పోతూ చాలాసార్లు మాట్లాడుకున్నాం. చరిత్ర సారు వింటే "అట్లా జరిగి ఉంటే అన్నది చరిత్ర కాదు" అంటారు. సరే.

ఈ వార్షికోత్సవానికి మళ్ళీ ఒక నాటిక వేయాలని వార్డెన్ గారు మమ్మల్ని అడిగారు. మాటలు లేకుండా మూకాభినయం వేద్దామని నిర్ణయించాం. యూనివర్సిటీలో చదువుతున్న కొడుకు పండగకు ఊరికి వస్తాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో నీళ్ళ సీసా, కళ్ళకు నల్లద్దాలు. బర్రె దారికి అడ్డం నిలబడితే ఫోనులో దారి వెతుక్కుంటాడు. తండ్రి చూసీ చూసీ, బర్రెను ఒక్క తట్టు తట్టి దారి ఇప్పిస్తాడు. కొడుకు వేషం మేమే వేస్తున్నాం. ఇయర్‌ఫోన్లూ అద్దాలూ మావే, ఎవరింటి నుంచీ తేలేదు. బర్రెకు ఇద్దరు కావాలి. ముందు కాళ్ళకు ఏడో తరగతి నుంచి ఒకరు ఒప్పుకున్నారు, వెనక కాళ్ళకు ఇంకా ఎవరూ దొరకలేదు.

కార్డులు పన్నెండు. తెల్ల చార్టు మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాస్తున్నాం. కార్డు ఎత్తగానే గట్టిగా చదవడానికి ఐదో తరగతి పిల్లలు నలుగురు కావాలి, గొంతు వెనక తాటిపత్రి దాకా వినబడాలి. రిహార్సలు రోజూ సాయంత్రం స్టడీ అవర్ కంటే ముందు, మెస్ హాల్లో. నాయనకు ముందే చెప్పాం, ఆదివారం షిఫ్టు మార్చుకుని వస్తానన్నాడు. "ఈసారి నా డబ్బా వద్దా?" అని అడిగాడు.